వెళ్లే రక్తం, వచ్చే రక్తం

ఆసుపత్రిలో అందరూ "బ్లడ్ రిపోర్ట్ వచ్చిందా?" అనే అడుగుతారు. ఒంట్లో ఉన్నదంతా ఒకటే రక్తమైనట్టు, బిందెలో నీళ్లలాగా ఎక్కడ గ్లాసు ముంచినా అదే వస్తుందన్నట్టు. నేనూ అదే నమ్మకంతో డాక్టరు పట్టా చంకన పెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కాను. ఆ నమ్మకాన్ని కొండమీద మొదటి ఏడాదిలోనే వదిలించారు.

పుట్టింది పార్వతీపురం దగ్గర, చదివింది విశాఖలో, బతికింది మాత్రం మన్యంలో. ఏ ప్రమోషను ఎప్పుడొచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో రాయను. రాస్తే నాకే నిద్రొస్తుంది. ఏజెన్సీ పోస్టింగు ఆర్డరు చేతిలో పెట్టుకుని, దాన్ని రద్దు చేయించడానికి ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని చూస్తున్న పిల్ల డాక్టర్లకి ఒక్క సంగతి చెప్దామని కూర్చున్నాను. రక్తం తిరుగుతుందని మీకు తెలుసు. తిరుగుతూ మారుతుందని పుస్తకంలో చదివే ఉంటారు. చదవడం వేరు, దాన్ని నమ్మి ఒక మనిషి ఎదురుగా నిలబడడం వేరు.

ఏ చెయ్యి?

నాకు దొరికిన మొదటి పెద్ద డాక్టరు పేరు జగన్నాథం గారు. ఆయన వెన్నలాంటి మనిషని అబద్ధం చెప్పను. ముక్కుమీద కోపం. చొక్కా బొత్తాం ఊడి ఉన్నా నర్సుల ముందు కడిగేసేవారు. ఆయన గది ముందునుంచి వెళ్లకుండా వెనక వరండాలోంచి చుట్టూ తిరిగి వార్డుకి పోయేవాళ్లం.

ఒకరోజు మలేరియాతో స్పృహ తప్పిన కూలీని తెచ్చారు. అప్పుడే ఎడమ చేతికి గ్లూకోజు సీసా పెట్టారు. నాతోపాటు చేరిన కుర్ర డాక్టరు రక్తం తీయించి పంపాడు. రిపోర్టులో షుగరు ఎక్కడికో పైకి వెళ్లిపోయింది. ఇన్సులిన్ సిరంజిలోకి లాగి, మంచం దగ్గరికి నడిచాడు. గుమ్మంలోంచి జగన్నాథం గారి గొంతు వినిపించింది.

"ఏ చెయ్యి?"

మాకు అర్థం కాలేదు. "రక్తం ఏ చేతిదిరా?" అని అరిచారు. ఎడమ చేతిదే. సీసా మణికట్టు దగ్గర ఎక్కుతోంది, రక్తం దానికి పైన మోచేతి మడతలో తీశారు. సీసాలోంచి గుండెకి వెళ్తున్న గ్లూకోజును దారిలోనే పట్టుకుని, దానికి ఆ మనిషి పేరు రాసి ల్యాబుకి పంపారన్నమాట. కుడి చేతి వేలు పొడిచి చూస్తే షుగరు అడుగంటి ఉంది. ఆ ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్లి ఉంటే ఆయన ఇక లేచేవాడు కాదు.

సిరంజి లాక్కుని చెత్తబుట్టలో పడేసి ఆయన అన్న మాట ఇది: "మనిషి కనిపిస్తే ఎక్కణ్ణించి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడుగుతారు కదా. రక్తాన్నీ అదే అడగండి. అది వెళ్తున్న రక్తమా, వస్తున్న రక్తమా?" తరవాత అలవాటుగా మమ్మల్ని మరో పావుగంట తిట్టారు. తిట్లు మర్చిపోయాను. ప్రశ్న మాత్రం ఉండిపోయింది.

దారిలో మారే సరుకు

శుక్రవారం అరకు సంతకి దిగే జీపు చూడండి. పైనుంచి అల్లం, పిప్పళ్లు, చీపుళ్లు వేసుకుని వస్తుంది. తిరిగి ఎక్కేటప్పుడు అందులో ఉప్పు, నూనె, ఎండుచేపలు ఉంటాయి. జీపు అదే, సరుకు వేరు. రక్తం కూడా అంతే.

ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు నింపుకుని ఎర్రగా బయలుదేరుతుంది. కండకీ మెదడుకీ అది ఇచ్చి, బొగ్గుపులుసు గాలి మోసుకుని నల్లబడి వెనక్కొస్తుంది. అన్నం తిన్న గంటకి పేగుల నుంచి కాలేయానికి పోయే రక్తంలో ఉన్నంత షుగరు ఒంట్లో ఇంకెక్కడా ఉండదు. పస్తు ఉన్నవాడిలో దీనికి తలకిందులు, కాలేయం దాచిపెట్టింది బయటికి తీస్తుంది కాబట్టి అక్కణ్ణించి వెళ్లే రక్తమే తీపి. అన్నిటికన్నా శుభ్రమైన రక్తం ఊపిరితిత్తుల నుంచి వచ్చేదని అందరూ అనుకుంటారు. యూరియా లెక్కన చూస్తే మూత్రపిండంలోంచి వెనక్కి మళ్లేదే శుభ్రమైనది, రంగు చూస్తే ఎవరూ నమ్మరు.

మలేరియా క్రిమి కూడా ఈ దారుల్ని వాడుకుంటుంది. ముదిరాక లోపలి సన్న నాళాల గోడలకి అతుక్కుని కూర్చుంటుంది. వేలి చుక్కలో మనకి దొరక్కపోవచ్చు. స్లైడులో లేదంటే ఆ చుక్కలో లేదని మాత్రమే. అందుకే ఏజెన్సీలో జ్వరం తగ్గని మనిషికి ఒక్కసారి స్లైడు చూసి మలేరియా కొట్టేసే డాక్టరుని నేను క్షమించను. ఇప్పటికీ అంతే, రిటైరయ్యాక కోపం తగ్గుతుందన్న మాట వట్టిది.

సుమిత్ర

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం చివరి రోజుల్లో జరిగింది.

సుమిత్రకి పన్నెండేళ్లు. అరకు లోయకి పైన ఒక కొండ ఊరు. తండ్రి ఆ పిల్లకి ఊహ తెలియకముందే జ్వరంతో పోయాడు. తల్లి చంద్రి, ఆమె అన్న బుద్రు కలిసి పెంచారు. పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. చిన్నప్పటినుంచీ మందులు నా దగ్గరే.

ఎర్రకణం గుండ్రంగా, మెత్తగా ఉండాలి. సన్నని నాళంలో ముడుచుకుని దూరి పోవాలి. ఈ పిల్లల్లో ఊపిరితిత్తుల నుంచి గాలి నింపుకుని బయలుదేరేటప్పుడు కణం బాగానే ఉంటుంది. ఆ గాలి ఒంటికి ఇచ్చేశాక, తిరుగు దారిలో, కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. వంగినవి అడ్డంపడి దారి మూస్తాయి, మూసినచోట నొప్పి. మళ్లీ ఊపిరితిత్తులకి చేరి గాలి అందితే చాలావరకు సర్దుకుంటాయి. ఇలా వంగుతూ లేస్తూ, కొన్నాళ్లకి లేవడం మానేస్తాయి. వెళ్లే రక్తం, వచ్చే రక్తం అన్న జగన్నాథం గారి ప్రశ్న ఈ జబ్బులో కంటికి కనబడుతుంది.

కాఫీ పళ్లు కోసే చలి రోజులు. సెలవులకి హాస్టల్నుంచి ఇంటికొచ్చిన పిల్ల తల్లి వెంట తోటకి వెళ్లింది. ఆకులమీది మంచుకి నిలువునా తడిసింది. దగ్గు, జ్వరం, ఆ తరవాత రొమ్ములో పోటు. సంత రోజు పొద్దున్నే బుద్రు మేనకోడల్ని వీపున వేసుకుని జీపు ఆగేచోటుకి దిగి, అల్లం బస్తాల మధ్య కూర్చోబెట్టి, సంతకి దగ్గర్లోనే ఉన్న మా ఆసుపత్రికి తెచ్చాడు.

వార్డులోకి వచ్చేసరికి పిల్ల ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఆక్సిజన్ పెట్టినా వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు, తొంభై అయిదు చూపించాల్సింది, ఎనభై ఆరు దాటడం లేదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. నాకు భయం వేసింది, దాచుకోను. వచ్చే రక్తం వెళ్లే రక్తంగా మారాల్సిన చోటే దారి మూసుకుంటోంది. గాలి అందకపోతే ఇంకొన్ని కణాలు వంగుతాయి, అవి వంగితే ఇంకాస్త గాలి అందదు. ఈ చక్రాన్ని సాయంత్రంలోగా ఆపకపోతే సుమిత్ర దక్కదు.

డ్యూటీలో ఉన్న ప్రణీత్ మంచి కుర్రాడు. కొండ ఎక్కి ఏడాది కాలేదు. నరం దొరక్క, మోచేతి పైన రబ్బరు బిగించి చర్మాన్ని తడుతూ వెతుకుతున్నాడు.

"విప్పు," అన్నాను.

"దొరికిపోతుంది మేడం, ఒక్క క్షణం."

"రబ్బరు కింద చేతికి గాలి లేదు ప్రణీత్. అక్కడ ఉన్న కణాలన్నీ నువ్వు వెతికే లోపలే వంగుతాయి. విప్పి, చెయ్యి వెచ్చచేసి, మళ్లీ చూడు."

విప్పాడు. వేడినీళ్ల గుడ్డ చుట్టి రుద్దితే నరం తేలింది. హిమోగ్లోబిన్ సగానికి పడిపోయి ఉంది. మందులు మొదలుపెట్టాం. మందులొక్కటే చాలవు, వంగని కణాలు కావాలి. రక్తం ఎక్కించాలి.

మా చిన్న బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో సుమిత్ర గ్రూపు రక్తం సంచి ఒక్కటే ఉండేది. తెల్లవారుజామున కాన్పులో రక్తం పోయిన ఒక తల్లికి అది వాడేశాం. అంబులెన్సు వాకిట్లోనే ఉంది. కానీ ఈ స్థితిలో ఘాట్ దింపితే విశాఖ చేరేసరికి పిల్ల ఉండదని నాకూ తెలుసు, డ్రైవరుకీ తెలుసు.

మేనమామ హక్కు

బుద్రు గట్టి మనిషి. కొండవాళ్లు గుంపుగా ఆడే థింసా ఆటకి మోరి ఊదుతాడు. మోరి అంటే సన్నాయి లాంటి వాద్యం, అతను ఊదితే పక్క కొండకి వినిపిస్తుందని చెప్పుకుంటారు. రక్తం కావాలన్న మాట చెవిన పడగానే కండువా తీసి చెయ్యి చాపాడు.

"నాది తియ్యి డాక్టరమ్మా. బేగి తియ్యి. నువ్వేటి సూత్తన్నావు?"

ఇక్కడ కలెక్టర్నయినా నువ్వనే అంటారు. ఆ నువ్వులో చిన్నచూపు లేదు. కొత్తగా వచ్చినవాళ్లు నొచ్చుకోకండి.

"తీస్తాను. ముందు పరీక్ష చెయ్యాలి."

"ఏటి పరీచ్చ? నాను దీనికి మేనమావని. ఇది పుట్టినప్పుడు ముందు గంజి నాను పోసినాను. జుత్తు నాను కత్తిరించినాను. రేపు నా ఇంటికే కోడలొస్తాది, సెల్లికి మాటిచ్చినాను. దీని ఒంట్లోకి ముందు ఇంకొకల రగతం ఎల్తే ఊల్లో నా మొకం ఎక్కడెట్టుకోవాల?"

ఈ పట్టింపు మీకు నవ్వులాటగా తోస్తే కొండమీద ఉద్యోగం చెయ్యకండి. వాళ్లలో పిల్లకి సంబంధించిన ఏ మంచికైనా, ఏ చెడుకైనా మొదటి చెయ్యి మేనమామది. అతన్ని దాటి ఇంకొకరు ముందుకొస్తే అతను ఉండీ లేనట్టే. బుద్రు అడుగుతున్నది మర్యాద కోసం కాదు. నేను బతికే ఉన్నానని ఒప్పుకోమంటున్నాడు.

గ్రూపు కలిసింది. మిగిలిన జబ్బుల పరీక్షలూ బాగున్నాయి. ప్రణీత్ ముఖం వికసించింది. నా చూపు మాత్రం చంద్రి మీదికి పోయింది. జబ్బు పిల్లకి తల్లిదండ్రులిద్దరి దగ్గర్నుంచీ చెరో సగం వస్తే గానీ రాదు. అంటే చంద్రి రక్తంలో ఆ సగం ఉంది. ఆమెకి ఏ బాధా లేదు, జీవితాంతం ఉండదు. ఆమె తోడబుట్టినవాడిలో కూడా ఉండొచ్చు.

ల్యాబు అప్పారావుకి చెప్పాను, బుద్రు రక్తానికి సికిల్ పరీక్ష చెయ్యమని. చుక్క రక్తానికి ఒక మందు కలిపి, స్లైడు మీద పెట్టి, పైన పల్చటి గాజుపలక మూస్తారు. ఆ మందు చుక్కలోని ప్రాణవాయువుని లాగేస్తుంది. కాసేపటికి ఆ చుక్క ఒళ్లంతా తిరిగి అలిసి వెనక్కొచ్చిన రక్తంలా అవుతుంది. వంగే గుణం ఉంటే అప్పుడు బయటపడుతుంది. త్వరగా చెయ్యడానికి వేరే కిట్లు ఉంటాయి. ఆ వారం మా దగ్గర నిండుకున్నాయి.

అప్పారావు విజయనగరం వైపు మనిషి, పని తెలిసినవాడే. కాసేపటికి వార్డుకే పరిగెత్తుకొచ్చాడు.

"నెగిటివేనండి మేడమ్. అన్నీ గుండ్రంగా ఉన్నాయండి. తిప్పి తిప్పి సూసేను."

ప్రణీత్ అప్పటికే రక్తం తీసే సంచి విప్పుతున్నాడు. మీటరు ఎనభై నాలుగు చూపిస్తోంది. చంద్రి ఏడవడం కూడా మానేసి కూతురి పొట్ట ఎగిరిపడడమే చూస్తోంది. అందరూ నా తల ఊపు కోసం ఎదురుచూస్తున్నారు. ఊపబోయాను. జగన్నాథం గారు పోయి చాలా ఏళ్లయింది, అయినా గుమ్మంలోంచి ఆయన గొంతు వినిపించినట్టే అయింది.

"అప్పారావ్, గాజుపలక అంచులు మూశావా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "వేజిలీన్ అయిపోనాదండి. కంగార్లో అలాగే ఎట్టీసేను."

అంచులు మూయకపోతే పక్కలనుంచి గాలి దూరుతూనే ఉంటుంది. మందు ఎంత లాగినా గాలి నిండుతూనే ఉంటుంది. అతను ఇంతసేపూ చూసింది వెళ్లే రక్తాన్ని. మేం చూడాల్సింది వచ్చే రక్తం.

అతన్ని తిట్టడానికి కూడా తీరిక లేదు. కరెంటు పోయే ఆసుపత్రి కాబట్టి ప్రతి సొరుగులోనూ కొవ్వొత్తి ఉంటుంది. సిస్టర్ ఒకటి వెలిగించి ఇచ్చింది. కొత్త చుక్క, కొత్త గాజుపలక, నాలుగు అంచులా మైనం. నేనే మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. ముందు అన్నీ గుండ్రమే. కన్ను తీయకుండా చూస్తూనే ఉన్నాను. తరవాత ఒకటి అంచు చెదిరింది. ఇంకొకటి సాగింది. మెల్లగా, ఇష్టం లేనట్టుగా, కణాలు ఒక్కొక్కటే వంగాయి.

ప్రణీత్ మాట

ల్యాబు గుమ్మంలో ప్రణీత్ గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, ట్రెయిట్ అయినా ఏమీ లేకపోవడం కన్నా నయం కదా? మామూలు మనిషిలో అవి వంగవు."

జబ్బు లేకుండా ఆ సగం గుణం మాత్రమే ఉండడాన్ని ట్రెయిట్ అంటాం. అతను అడిగింది తప్పు కాదు. బుద్రు ఒంట్లో అవి వంగవు. బస్తా మోసుకుని కొండెక్కినా వంగవు. కానీ సుమిత్ర ఊపిరితిత్తుల్లో ఇప్పుడున్న పరిస్థితి ఆ మైనం పూసిన గాజుపలక కింద ఉన్న పరిస్థితే. అక్కడికి వెళ్లి అవీ వంగితే మనమే మరింత అడ్డం తెచ్చిపెట్టినట్టు. వేరే ఎవరూ దొరక్కపోతే బుద్రు రక్తమే ఎక్కించేదాన్ని. అది కూడా ఇక్కడ రాయాలి, లేకపోతే నేనేదో అన్నీ తెలిసి ధీమాగా కూర్చున్నానని అనుకుంటారు.

"సంత ఉంది కదా, మైకులో చెప్పిద్దాం," అన్నాను. "కాసేపు చూద్దాం. పిల్ల ఇంకా జారితే ఇతనిదే తీద్దాం."

అప్పారావు స్కూటరెక్కాడు. సంతలో ఎలకల మందు అమ్మేవాడి దగ్గర మైకు ఉంటుంది. ఆ పూట ఎలకలకి సెలవిచ్చి వాడు రక్తం గ్రూపు అరిచాడట.

గాజుపలక కింద

బుద్రుకి చెప్పే పని నాది. ల్యాబులోకి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. చెప్పాను. అతను స్టూలు మీంచి సగం లేచాడు.

"నా రగతం సెడ్డదా?"

"చెడ్డది కాదు. ఇటు చూడు."

ముందు మూయని స్లైడు పెట్టాను. ఒక కన్ను మూసి, మైక్రోస్కోపు మీదికి ఒంగాడు. గుండ్రంగా ఉన్నాయన్నాడు. తరవాత మైనం పూసింది పెట్టాను. చాలాసేపు చూశాడు.

"ఇది ఎవలది?"

"రెండూ నీవే. మొదటిదానికి గాలి ఆడుతోంది. రెండోదానికి గాలి లేకుండా చేశాం. నీ ఒంట్లో ఎప్పుడూ అంత గాలి తక్కువ కాదు, అందుకే నీకేమీ కాదు. పిల్లకి ఇప్పుడు లోపల అలాగే ఉంది."

"గాలి లేకపోతే వంగిపోతన్నాయి."

"అవును."

"గాలి ఉంటే లెగుత్తాయి."

"చాలావరకు."

తల ఎత్తాడు. "అది గాలి సరిగ్గా పీల్చట్లేదు డాక్టరమ్మా. నాను పొద్దున్నుంచీ సూత్తన్నాను. పైపైన పీల్చి వొదిలేత్తంది."

నిజమే. రొమ్ములో పోటుకి భయపడి పిల్ల లోతుగా పీల్చడం లేదు. లోతుగా పీల్చకపోతే ఊపిరితిత్తి అడుగు భాగాలు తెరుచుకోవు. దానికోసం మూడు బంతులున్న ప్లాస్టిక్ సాధనం ఒకటి ఇస్తాం. పిల్ల దాన్ని రెండుసార్లు పీల్చి, ఏడ్చి, పక్కన పడేసింది. ప్రణీత్ బతిమాలాడు, సిస్టర్ గదిమింది. లాభం లేకపోయింది.

"మోరి నేర్సుకునేటోలికి మేం ముందు వెదురు గొట్టం ఇత్తాం," అన్నాడు బుద్రు. "నీల్లల్లో పెట్టి బుడగలు ఊదిత్తాం. కడుపునిండా పీల్చాల, బుడగ ఆగకుండా మెల్లగా వొదలాల. అది సేయిత్తాను దీనిసేత. అది రగతం కన్నా ముందు. మరి నాదే ముందవుతాదా?"

అతని గొంతులో బెదిరింపు లేదు, బతిమాలుతున్నాడు. "నీదే ముందు," అన్నాను.

నీళ్లు సగం నింపిన ఖాళీ సెలైన్ సీసా, కొత్త డ్రిప్పు గొట్టం ముక్క. అంతే సరంజామా. ముక్కుకి ఆక్సిజన్ అలాగే ఉంచాం, నొప్పికి మందు పడింది. బుద్రు మంచం పక్కన గొంతుక్కూర్చుని ముందు తను ఊదాడు. సీసాలో గుడగుడమని బుడగలు ఎంతకీ ఆగలేదు. నొప్పితో మూలుగుతున్న పిల్ల కళ్లు తెరిచి చూసింది.

"ఊదు గుంటా. నా అంత ఊదితే ఈసారి ఆటలో మోరి నీకే ఇత్తాను."

"ఆడోలు ఊదరు మావా," అంది, అంత ఆయాసంలోనూ.

"నువ్వూదు. ఎవలొద్దంటారో నాను సూత్తాను."

పీల్చింది. పోటుకి ముఖం ముడుచుకుంది. రెండు బుడగలు. మళ్లీ పీల్చింది. నాలుగు. నేను పిల్లని చూడడం మానేసి మీటరునే చూస్తున్నాను.

అప్పారావు స్కూటరు వెనక సీటు మీంచి ఎండుచేపల సత్తెమ్మ దిగింది. కిరండూల్ రైలుబండిలో శృంగవరపుకోట వైపునుంచి వారం వారం వచ్చే భారీ మనిషి. బుద్రు ఆమె పాత బేరగాడు, ప్రతి సంతలో ఇద్దరికీ పోట్లాటే.

"ఓలమ్మో, ఇతగాడి మేనకోడలికా?" అంది గుమ్మంలోనే. "నా తక్కెడ మోసమని నన్ను ఎన్ని తిట్లు తిట్టేడో ఇతగాడు. తియ్యండమ్మా, తియ్యండి. నా రగతం ఎండుసేపల కంపు కొడితే మరి నా పూచీ కాదు."

గ్రూపు కలిసింది. ఆమె చుక్కకీ అదే సికిల్ పరీక్ష చేశాం. ఈసారి అంచులు అప్పారావే మూశాడు, రెండుసార్లు మైనం పూసి. ముందుసారి కన్నా ఎక్కువసేపు చూశాను. కణాలు గుండ్రంగా ఉన్నాయి. ఇంకాసేపు ఆగి చూశాను. గుండ్రంగానే ఉన్నాయి.

మిగతా పరీక్షలు ముగించి, రక్తం తీసి, సరిచూసి మంచం దగ్గరికి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి మీటరు ఎనభై ఎనిమిదికి ఎక్కి అక్కడే ఊగిసలాడుతోంది. సంచి వేలాడదీస్తుంటే బుద్రు ఒకసారి తల ఎత్తి చూశాడు, మళ్లీ సీసా పట్టుకున్నాడు. సత్తెమ్మ రక్తం ఒక దారిలో దిగుతుంటే, అతను ఇంకో దారిలో గాలి నింపిస్తూ కూర్చున్నాడు. పొద్దువాలే వేళకి పిల్ల ముక్కుపుటాలు ఎగరడం ఆగింది. మీటరు తొంభై మూడు చూపించింది. ప్రణీత్ బయటికెళ్లి మెట్లమీద కూర్చున్నాడు. వెనకనుంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి.

జీపు దగ్గర

తేరుకున్నాక మరికొన్నాళ్లు ఉంచి పంపించాం. ఇంటికి వెళ్లే ముందు బుద్రు కొడుకుని కూడా తెచ్చాడు. "ఈడిది కూడా ఆ గాజుముక్క కింద సూడు," అన్నాడు. అడక్కుండానే తెచ్చాడు. నేనైతే ఆ మాట ఎలా ఎత్తాలా అని ముందురోజంతా మథనపడ్డాను.

కొడుక్కీ తండ్రి గుణమే ఉంది. జబ్బు లేదు, రాదు. కానీ అతనికీ సుమిత్రకీ పెళ్లయితే పుట్టే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సుమిత్ర జబ్బు రావడానికీ రాకపోవడానికీ సమానంగా అవకాశం. ఆ సంగతి చంద్రి ఎదుటే బుద్రుకి చెప్పాను, వరండాలో. ఎవరినీ పెళ్లి చేసుకోమని గానీ, వద్దని గానీ చెప్పే అధికారం డాక్టరుకి లేదు. ఉన్న సంగతి చెప్పడమే మన పని. చెప్పేశాక నోరు మూసుకుని నిలబడడం కూడా మన పనే, అది చాలా కష్టం.

బుద్రు కండువా కొస వేలికి చుట్టుకుంటూ నేల చూశాడు. తరవాత చెల్లెలి వైపు తిరిగాడు.

"కోడలుగా తెచ్చుకుంతానని నీకు మాటిచ్చినాను. కూతురుగా తెచ్చుకుంతే మాట తప్పినట్టా?"

చంద్రి కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుమిత్ర స్తంభానికి ఆనుకుని అంతా విన్నది. ఏమీ విననట్టే చంకలో సీసా, చేతిలో గొట్టం పట్టుకుని మెట్లు దిగి జీపు దగ్గరికి నడిచింది. జీపులో అల్లం ఖాళీ గోనెలు, ఉప్పు బస్తాలు, ఎవరివో ఎండుచేపలు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పిల్ల వెనక్కి తిరిగి, ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, ఆసుపత్రి అంతా వినబడేలా కేకేసింది.

"నాన్నా, బేగి రా! జీపు ఎల్లిపోతంది!"

పుట్టాక ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. బుద్రు కండువాతో ముఖం తుడుచుకుని, జీపు వైపు పరిగెత్తాడు.